టమాటా జ్యూస్‌కి ఏ మెషీన్? ఒక వంటింటి ప్రాజెక్టు డైరీ

సంక్రాంతి వెళ్లిన వారం

మెహదీపట్నం రైతుబజార్లో టమాటా కిలో పదిహేనుకి దిగింది. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లోనే కిలో 200 దాకా పోయిన సరుకు ఇది. ఆ నెలంతా చారులో చింతపండు ఒక్కటే పిసుక్కుని గడిపినవాళ్లకి ఇప్పుడీ రేటు చూస్తే చెయ్యి ఆగదు. ఏటా ఈ రోజుల్లో నిల్వ పచ్చడి పెడతాను. ఈసారి పచ్చడితో పాటు జ్యూస్ కూడా చేసి ఎండాకాలానికి దాచాలని కోరిక పుట్టింది. చల్లటి టమాటా జ్యూస్‌లో కాస్త ఉప్పు, మిరియాల పొడి, వేయించిన జీలకర్ర వేసుకుని తాగితే మధ్యాహ్నం కూల్‌డ్రింక్ జోలికి ఎవరూ పోరు.

చేతిలో ఉన్నది 750 వాట్ల మిక్సీ. దాంతో సరిపోతుందా, వేరే ఏదైనా కొనాలా అన్నదే ప్రాజెక్టు. కొంటే ఐదు వేలు దాటకూడదని ఇంట్లో ముందే ఒప్పందమైపోయింది. నాకు కావలసింది పెద్దగా ఏమీ లేదు. జ్యూస్‌లో తొక్క, గింజ తగలకూడదు. ఫ్రిజ్‌లో పెడితే నీళ్లు ఒకవైపు, గుజ్జు ఒకవైపు కాకూడదు. ఒక పూటలో నాలుగైదు కిలోలు అయిపోవాలి. అన్నిటికంటే ముఖ్యం, కడగడం. జ్యూస్ పది నిమిషాల్లో తీసి మెషీన్ అరగంట కడిగే బతుకు నాకొద్దు.

కొనే ముందు బంధువుల ఇళ్లలో ఉన్న మెషీన్లన్నీ అడిగి తెచ్చి చూడటం మంచిదనిపించింది. వదిన దగ్గర గిర్రున తిరిగే సెంట్రిఫ్యూగల్ జ్యూసర్ ఉంది. కూకట్‌పల్లిలో తమ్ముడి దగ్గర కోల్డ్ ప్రెస్, అంటే మెల్లగా తిరిగి పిండే జ్యూసర్ ఉంది. ఫోన్ చేస్తే, "అక్కా, నువ్వు కొనకు. నాది తీసుకెళ్లి వాడి చూడు. ఆర్నెల్లుగా అటక మీదే ఉంది" అన్నాడు. అటక మీదికి ఎందుకెక్కిందో అప్పుడే అడిగి ఉండాల్సింది.

మిక్సీ

కిలో టమాటాలు కడిగి, తొడిమ దగ్గర గట్టి భాగం తీసేసి, నాలుగేసి ముక్కలు చేసి పెద్ద జార్లో వేశాను. ఒక్క నిమిషంలో నలిగిపోయాయి. మూత తీస్తే ఎర్రటి జ్యూస్ బదులు గులాబీ రంగు నురగ. మిక్సీ బ్లేడు ఆ వేగంతో తిరిగినప్పుడు గాలి మొత్తం లోపలికి లాక్కుంటుంది. రంగు పోయిందని కంగారుపడక్కర్లేదు, అవి గాలి బుడగలే. మరిగిస్తే నురగ దిగిపోయి ఎరుపు మళ్లీ వస్తుంది.

గింజల సంగతి అలా కాదు. బ్లేడు కింద అవి నలిగితే జ్యూస్‌కి చిరుచేదు, వగరు అంటుకుంటాయి. వాటిని ఏం చేసినా తీయలేం. పల్స్ మీద రెండు మూడుసార్లు మాత్రమే కొడితే గింజలు చాలావరకు బతుకుతాయి, కానీ అప్పుడు గుజ్జు తొక్కని వదలదు. రెండూ కుదిరే వేగం మిక్సీలో నాకు దొరకలేదు.

మిక్సీతో వచ్చే జ్యూసర్ జార్ కూడా తీశాను. మధ్యలో జాలీ గొట్టం ఉంటుంది కదా, చాలా ఇళ్లలో కొన్నప్పటి ప్లాస్టిక్ కవర్లోనే ఉండిపోతుంది. ముక్కలు గొట్టంలో పడతాయి, రసం జాలీలోంచి బయటికి వస్తుంది. ఒక గ్లాసుకి బాగానే ఉంది. నాలుగు కాయలు పడేసరికి గొట్టం తొక్కలతో నిండిపోయి రసం రావడం ఆగింది. ఆపి, తీసి, దులిపి, మళ్లీ పెట్టాలి. రోజూ పొద్దున ఒక గ్లాసు తాగేవాళ్లు కొత్తగా ఏమీ కొనక్కర్లేదు, ఆ కవర్ విప్పితే చాలు. ఐదు కిలోలకి మాత్రం ఇది పని కాదు.

వదిన జ్యూసర్

దీని గురించి పెద్దగా రాయడానికి లేదు. అడుగున పళ్ల చక్రం కాయని తురుముతుంది, చుట్టూ ఉన్న జాలీ బుట్ట గిర్రున తిరిగి రసాన్ని విసురుతుంది. క్యారెట్, యాపిల్ లాంటి గట్టి సరుకుకి తయారైన మెషీన్. మెత్తటి టమాటాని తురమలేక చితక్కొడుతుంది. తొక్కలు జాలీకి ఒకవైపు అతుక్కుపోతే బుట్ట తూకం తప్పుతుంది, మెషీన్ మొత్తం గట్టు మీద నడక మొదలుపెడుతుంది. ఒక చెయ్యి దాని మీద పెట్టి పట్టుకుని, ఇంకో చేత్తో కాయలు వేశాను. పిప్పిని గుప్పిట్లో పిండితే ఇంకా బోలెడు రసం కారింది. నురగ మిక్సీతో సమానం. మర్నాడే వదినకి పంపించేశాను.

కోల్డ్ ప్రెస్

దీని మీద నాకు చాలా ఆశ ఉండేది. మర మెల్లగా తిరుగుతుంది, నిమిషానికి అరవై డెబ్భై చుట్లకి మించదు. నరకదు, చెరకు రసం బండిలాగా పిండుతుంది. నురగ తక్కువ, రంగు బాగుంది, గింజ నలగలేదు, శబ్దం కూడా లేదు. పిప్పిని రెండోసారి వేస్తే ఇంకో పావు గ్లాసు దిగింది. కిలోకి ముప్పావు లీటరు దగ్గర పడింది. గ్లాసులో పోసి చూస్తే ఇంక వెతకడం ఆపేద్దామా అనిపించింది.

తర్వాత కడగడానికి విప్పాను. మర మెలికల మధ్య టమాటా తొక్కలు దారాల్లా చుట్టుకుని ఉన్నాయి, నీళ్ల కింద పెట్టినా జారవు, ఒక్కొక్కటి గోటితో లాగాలి. జాలీ చిల్లుల్లో ఇరుక్కున్న సన్నటి గుజ్జు ఎండితే ఇక అంతే, బ్రష్ పెట్టి రుద్దాలి. పిప్పి బయటికొచ్చే సన్న దారిలో రబ్బరు మూత వెనకాల ఇంకో గుప్పెడు దాక్కుంది. అటక మీదికి ఎందుకెక్కిందో అర్థమైంది.

సరే, కడగడం భరిద్దామనుకున్నా మర్నాడు పొద్దున ఫ్రిజ్ తీస్తే ఇంకో సంగతి. సీసాలో కింద సగం పసుపుపచ్చ నీళ్లు, పైన ఎర్ర గుజ్జు తేలుతోంది. ఊపితే కలుస్తుంది. గ్లాసులో పోసి మాట్లాడుకునేలోపు మళ్లీ విడిపోతుంది. మిక్సీ జ్యూస్ సీసా కూడా పక్కనే ఉంది, దానిదీ ఇదే వరస. ఐదు వందల మెషీన్ అయినా పాతిక వేల మెషీన్ అయినా ఉడికించని టమాటా నుంచి తీసిన జ్యూస్ ఇలాగే విడిపోతుంటే, తేడా మెషీన్లో లేదన్నమాట.

పొయ్యి దగ్గరికి

నాలుగు రోజులు మెషీన్లు పక్కన పెట్టి చదివాను. తేలింది ఇది. టమాటాలో దాదాపు 95 శాతం నీళ్లే. మిగిలిన కాస్త గుజ్జు ఆ నీళ్లని పట్టుకుని చిక్కగా నిలబడేలా చేసేది అందులోని పెక్టిన్ అనే జిగురు పదార్థం. కాయ చెక్కుచెదరకుండా ఉన్నంతసేపు పెక్టిన్ జోలికి ఎవరూ పోరు. కోసినా, నలిపినా, అప్పటిదాకా కణాల్లో విడిగా ఉన్న ఎంజైములు బయటపడి పెక్టిన్‌ని ముక్కలు చేయడం మొదలుపెడతాయి. నిమిషాల పని అది. పెక్టిన్ తెగిపోయాక గుజ్జు నీళ్లని పట్టుకోలేదు, అందుకే సీసాలో ఆ పసుపు నీళ్లు. వేడి బాగా తగిలితే ఈ ఎంజైములు చచ్చిపోతాయి.

కెచప్ ఫ్యాక్టరీల వాళ్లకి ఇది పాత విషయం. నలిపిన వెంటనే 90 డిగ్రీల పైకి వేడి చేసే పద్ధతిని హాట్ బ్రేక్ అంటారు, చిక్కదనం నిలుస్తుంది. 65 డిగ్రీల దగ్గర చేసేది కోల్డ్ బ్రేక్, పచ్చి టమాటా వాసన బాగా మిగులుతుంది కానీ పల్చబడుతుంది.

నమ్మకం కుదరాలంటే ఇంట్లో చూడాలి. ఒకే బుట్టలోంచి రెండు వాటాలు తీశాను. మొదటి వాటాని కోసి, గరిటెతో నలిపి, గిన్నెలో అరగంట ఊరికే వదిలేసి, ఆ తర్వాత పొయ్యి మీద పెట్టాను. రెండో వాటాకి స్టీలు గిన్నె ముందే పొయ్యి మీద పెట్టి వేడెక్కనిచ్చాను. రెండు మూడు కాయలు చకచకా కోసి నేరుగా అందులో వేసి, పప్పుగుత్తితో మెదిపి, పెద్ద మంట మీద మరగనిచ్చాను. మిగతావి కోస్తూ, కొద్దికొద్దిగా వేస్తూ పోయాను, మరుగు ఎక్కడా ఆగకుండా. అన్నీ పడ్డాక సిమ్‌లో ఐదు నిమిషాలు. రెండిటినీ ఒకే జల్లెడలో వడకట్టి, ఒకేలాంటి సీసాల్లో పోసి, ఫ్రిజ్‌లో పక్కపక్కన పెట్టాను.

మర్నాటికి మొదటి సీసాలో రెండు వేళ్ల మందాన నీళ్లు తేరుకున్నాయి. రెండో సీసా పై నుంచి కింద దాకా ఒకే ఎరుపు. మూడో రోజుకీ అలాగే ఉంది. రుచిలో పచ్చి వాసన కొంచెం తగ్గింది, ఒప్పుకోవాలి. కోల్డ్ ప్రెస్ జ్యూస్‌లో ఉన్న ఆ తోటలో కోసిన కాయ ఘుమఘుమ ఇందులో లేదు. దానికి బదులు తియ్యదనం పైకొచ్చింది. టమాటాకి ఎరుపునిచ్చే లైకోపీన్ ఉడికిన కాయలోంచే ఒంటికి బాగా పడుతుందని, కాస్త నూనె లాంటిది తోడైతే ఇంకా బాగా పడుతుందని కూడా చదివాను. నాకు మాత్రం విడిపోకపోవడమే ముఖ్యం.

కాయల సంగతి కూడా ఇక్కడే రాసుకుంటున్నాను. నాటు టమాటా పుల్లగా, రసంగా ఉంటుంది, కానీ జ్యూస్ పల్చన. లారీల్లో దూరం పోవడానికి తట్టుకునే గట్టి హైబ్రిడ్ కాయల్లో గుజ్జు ఎక్కువ, పులుపు తక్కువ. సగం సగం కలిపితే చిక్కదనం, పులుపు రెండూ సరిపోయాయి. రెండిట్లోనూ బాగా పండినవి, వేలితో నొక్కితే దిగేవి ఏరాలి. పచ్చడికి పనికిరావని పక్కన పెట్టే కాయలు జ్యూస్‌కి మొదటి రకం. కుళ్లు, బూజు ఉన్నవి మాత్రం దేనికీ వద్దు.

ప్రశ్న మారింది

అంటే నాకు కావలసింది జ్యూసర్ కాదు. ఉడికిన వేడి టమాటాలోంచి తొక్క, గింజ వేరుచేసేది కావాలి.

మిక్సీ ఇక్కడ పనికిరాదు. మరిగే సరుకుని జార్లో వేసి మూత బిగించి తిప్పితే లోపల ఆవిరి కట్టి మూత ఎగిరిపడుతుంది, ముఖమ్మీదికి వస్తే కాలుతుంది. చల్లారే దాకా ఆగుదామంటే గింజల చేదు ఎలాగూ తప్పదు. కోల్డ్ ప్రెస్ ప్లాస్టిక్ భాగాల్లో మరిగే గుజ్జు పోయడానికి నాకు మనసొప్పలేదు. స్టీలు జల్లెడ, గరిటె వెనక భాగం ఉంటే చాలు కదా అంటారు. కిలో దాకా చాలు. రెండో కిలోకి మణికట్టు పట్టేస్తుంది.

ఇటలీలో ఆగస్టు నెలలో ఇంటిల్లిపాదీ కూర్చుని ఏడాదికి సరిపడా టమాటా గుజ్జు సీసాలకెత్తుతారు. వాళ్ల దగ్గర దీనికని ప్రత్యేకంగా చేతిమర ఉంటుంది. పైన ఉడికిన కాయలు వేసి పిడి తిప్పితే పక్కనుంచి గుజ్జు, చివర్నుంచి తొక్కలు, గింజలు. చూడగానే ఇదే నాకు కావలసిందనిపించింది. అక్కడి నుంచి తెప్పించాలంటే రవాణా ఖర్చుతో కలిపి నా ఐదు వేల ఒప్పందం దాటిపోతోంది. ఇక్కడ దొరికే చేతి జ్యూసర్లలో పోత అల్యూమినియంవి చాలా ఉన్నాయి. బత్తాయికి ఎంత బాగున్నా టమాటాకి నేను వాడను. టమాటా పులుపు అల్యూమినియంని తింటుంది, జ్యూస్‌లో లోహం రుచి తెలుస్తుంది.

కాకూ యంత్రం

మేముండేది బర్కత్‌పురాలో, పక్క ఫ్లాట్‌లో మరాఠీ వాళ్లు. ఆవిడని మేమంతా కాకూ అనే పిలుస్తాం. మా తంటాలు చూసి, "పురణ్ యంత్రం ఉంది కదా, తిప్పి చూడు" అని ఇంట్లోంచి తెచ్చిచ్చారు. మనం బొబ్బట్లకి పూర్ణం రుబ్బుతాం. వాళ్లు ఉడికిన శనగపప్పు, బెల్లం ఇందులో వేసి తిప్పుతారు, వెన్నలాంటి పూర్ణం కిందికి దిగుతుంది.

చూడటానికి చాలా సాదా వస్తువు. కాళ్లున్న ఒక గిన్నె, అడుగు బదులు చిల్లుల పళ్లెం, మధ్యలో పిడి. పిడికి కింద ఏటవాలుగా ఒక రేకు ఉంటుంది, తిప్పిన కొద్దీ సరుకుని చిల్లుల మీదికి నొక్కుతూ పోతుంది. అంతే. మోటార్ లేదు, రబ్బరు రింగు లేదు. పాశ్చాత్య వంటిళ్లలో ఫుడ్ మిల్ అనేది ఇదే.

కాకూది వాళ్ల అత్తగారి నాటి ఇత్తడిది. దాంతో టమాటా వద్దన్నాను. కళాయి లేని ఇత్తడి మీద పులుపు పడితే చిలుం పడుతుంది, అది కడుపులోకి పోకూడదు. ఆవిడకి నాకంటే బాగా తెలుసు, "నీకు చూపించడానికే తెచ్చాను, స్టీలుది కొనుక్కో" అన్నారు.

బేగంబజార్లో స్టీలు సామాన్ల కొట్లలో వెతికితే మూడో కొట్లో దొరికింది. వెయ్యి లోపే. కొనేటప్పుడు చూసినవి రాస్తున్నాను, వెళ్లేవాళ్లకి పనికొస్తాయి. పళ్లాలు కనీసం రెండు రావాలి, అందులో ఒకటి సన్న చిల్లులది అయ్యుండాలి, అందులోంచి టమాటా గింజ దూరకూడదు. రేకు పళ్లేనికి ఆనుకుని తిరగాలి. మధ్యలో వెలుతురు కనిపిస్తే తొక్కల్ని నొక్కకుండా గుండ్రంగా తిప్పుతూ ఉంటుంది. కింద స్ప్రింగ్, బిళ్ల ఉండి బిగించుకునేలా ఉంటే మంచిది. చిల్లుల అంచులు కింద వైపు వేలితో తడిమి చూడండి, గరుకుగా ఉంటే గుడ్డ పీచులన్నీ పట్టుకుంటాయి. కాళ్లు మన గిన్నె అంచు మీద కుదురుగా కూర్చోవాలి, ఇంటి గిన్నె కొలత తాడుతో తీసుకెళ్లాను, కొట్టతను నవ్వాడు.

ఐదు కిలోల రోజు

ఉడికించడం పైన రాసిన పద్ధతే. పొయ్యి మీదినుంచి దించి గరిటెడు గరిటెడు యంత్రంలో వేసి తిప్పాను. వేడి వేడిగానే పోయొచ్చు, అంతా స్టీలే. మొదట పల్చటి రసం జలజలా దిగిపోతుంది, తర్వాత గుజ్జు చిక్కగా, సాగుతూ జారుతుంది. పళ్లెం మీద తొక్కలు చుట్టలు చుట్టుకుని పొడి పొడిగా అయ్యాయంటే వాటిలో ఇంక తీసేదేం లేదు. ఒకసారి పిడిని వెనక్కి తిప్పితే పళ్లెం శుభ్రపడి చిల్లులు తెరుచుకుంటాయి. ఈ వెనక్కి తిప్పడం కాకూ చూపించిందే.

ఐదు కిలోలకి మూడు లీటర్ల పైన కొద్దిగా వచ్చింది. పచ్చిగా తీస్తే ఇంకాస్త వచ్చేది, మరిగినప్పుడు కొంత ఆవిరైపోతుంది కదా. అక్కడక్కడా ఒక చిన్న గింజ కిందికి జారింది, టీ వడకట్టులో ఒక్కసారి పోస్తే అదీ పోయింది. మొదట్లో నేను కోరుకున్న చిక్కదనం ఇదే.

కడగడం: పళ్లెం, రేకు, గిన్నె. మూడే వస్తువులు, పంపు కింద పెట్టి పీచుతో ఒక రుద్దు.

చెయ్యి నొప్పి మాట దాచను. నాలుగో కిలో దగ్గర మా అబ్బాయికి అప్పజెప్పాను. వాడికి ఆట, నాకు ఊపిరి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకి, మోచేతుల నొప్పులున్నవాళ్లకి ఇది నేను చెప్పను. రెండు కిలోల చొప్పున చేసుకుంటే ఇబ్బంది ఉండదు.

తొక్కలు, గింజలు పారెయ్యలేదు. పళ్లెంలో పరిచి రెండు రోజులు ఎండబెట్టి మిక్సీలో పొడి కొట్టాను, చారులో చెంచా వేస్తే రంగు, పులుపు రెండూ వస్తున్నాయి. బోయినపల్లి మార్కెట్లో 2021లోనే మిగిలిపోయిన కూరగాయలతో బయోగ్యాస్ తీసి కరెంటు చేశారు, మన ఇంటి పిప్పికి అంత యోగం లేదు.

నిల్వ

డాలస్‌లో ఉన్న మా పిన్ని కూతురు ఏటా పెరటి టమాటాలతో జ్యూస్ సీసాలకెత్తుతుంది. వీడియో కాల్లో నా సీసాలు చూసి మొదట అడిగిన మాట, "అక్కా, బయట పెట్టట్లేదు కదా?" టమాటా పుల్లగానే ఉన్నా పీహెచ్ (పులుపు కొలత, అంకె పెరిగితే పులుపు తగ్గినట్టు) 4.3 నుంచి 4.9 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. 4.6 దాటితే మూత బిగించిన సీసాలో బోట్యులిజం అనే ప్రాణాల మీదికి తెచ్చే జబ్బు కలిగించే బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది. చూపుకి, వాసనకి ఏమీ తెలియకపోవచ్చు. అందుకని అక్కడ అర లీటరు సీసాకి పావు చెంచా సిట్రిక్ యాసిడ్ గానీ, పెద్ద చెంచాడు సీసా నిమ్మరసం గానీ తప్పకుండా వేస్తారట. చెట్టు నిమ్మకాయ పులుపు కాయకో రకంగా ఉంటుంది కాబట్టి కొన్న నిమ్మరసమే వాడతారు. తర్వాత మూత పెట్టిన సీసాల్ని మరిగే నీళ్లలో ముంచి 35 నిమిషాలు. ఆ లెక్క వెయ్యి అడుగుల ఎత్తు లోపలి ఊళ్లకి. హైదరాబాద్ 1,700 అడుగుల పైనే ఉంది, ఇక్కడ నీళ్లు వంద డిగ్రీలకి ముందే మరుగుతాయి, కాబట్టి 40 నిమిషాలు. దానికి రెండు ముక్కల మూతలున్న ప్రత్యేకం సీసాలు కావాలి. జామ్ సీసాలు కడిగి వాడటం కుదరదు.

నేను ఆ దారి పట్టలేదు. చల్లారాక గ్లాసుడు పట్టే ప్లాస్టిక్ డబ్బాల్లో పోసి డీప్ ఫ్రిజ్‌లో పెట్టాను, గడ్డకడితే పెరుగుతుంది కనుక పైన వేలెడు ఖాళీ వదిలి. ఉప్పు, జీలకర్ర ఇప్పుడే వేయలేదు, తాగేటప్పుడు వేసుకోవచ్చు, చారుకీ పనికొస్తుంది. రాత్రి ఒక డబ్బా కింది అరలో పెడితే పొద్దుటికి కరుగుతుంది. కరిగాక కొంచెం నీళ్లు తేరినట్టు కనిపించాయి, ఒక్కసారి గరిటెతో తిప్పితే మళ్లీ కలిసి అలాగే నిలబడింది.

ఫిబ్రవరి మొదట్లో

తమ్ముడి కోల్డ్ ప్రెస్ శుభ్రంగా కడిగి అట్టపెట్టెలో సర్దాను. అది చెడ్డ మెషీనని కాదు. క్యారెట్, బీట్‌రూట్, దానిమ్మ రోజూ తాగే ఇంట్లో అయితే దానికి న్యాయం జరుగుతుంది. వాడు మాత్రం "ఉంచుకో అక్కా, ఉంచుకో" అంటున్నాడు. వచ్చే ఆదివారం కారులో పెట్టి పంపించేస్తాను.

ఐదు వేల బడ్జెట్‌లో నాలుగు వేలు మిగిలాయి. అందులోంచి అడుగు మందంగా ఉండే పెద్ద స్టీలు గిన్నె ఒకటి కొనాలి, ఇప్పుడున్నదానికి అడుగంటుతోంది. డీప్ ఫ్రిజ్‌లో ఇంకో అర ఖాళీ చేస్తే రేటు ఎక్కేలోపు ఇంకో రెండుసార్లు చేయొచ్చు. యంత్రంలో రేకు కింద బిళ్ల కొంచెం వదులవుతోంది, బేగంబజార్ వెళ్లినప్పుడు అదే కొలతలో ఇంకోటి తేవాలి. ఉగాదికి బొబ్బట్ల పూర్ణం కూడా ఇందులోనే తిప్పి చూస్తాను. అమ్మకి ఈ సంగతి ఇంకా చెప్పలేదు, రోట్లో రుబ్బని పూర్ణం ఆవిడ ముట్టుకుంటుందో లేదో.